ఆదివారం కలుక్కు

ఆదివారం మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలు. గోంగూర పప్పు, ఊరమిరపకాయలు పనిచేసిన ఇల్లు కునుకు తీస్తోంది. 19 ఏళ్ల కుర్రాడు సోఫాలో ఉన్నాడు. కూర్చున్నాడనీ అనలేం, పడుకున్నాడనీ అనలేం. నడుము సోఫా అంచు మీద, మెడ వెనక దిండు మీద, గడ్డం రొమ్ము మీద, ఫోను పొట్ట మీద. మనిషి మొత్తం మడతమంచంలా ముడుచుకుని ఉన్నాడు. ఈ ఆసనానికి యోగాలో పేరు లేదు గానీ సోఫా ఉన్న ప్రతి ఇంట్లో రోజూ సాధన జరుగుతూనే ఉంటుంది.

ఏదో వీడియో చూసి నవ్వబోయాడు. నవ్వాలంటే ముందు ఊపిరి పీల్చాలి కదా. పీల్చేసరికి ఎడమ చనుమొనకు కాస్త కింద కలుక్కుమంది, దబ్బనం దించినట్టు. ఊపిరి సగంలో ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ దబ్బనం. ఇక లాభం లేదని బిగుసుకుపోయి, పైపైన కోడిపిల్లలా పీలుస్తూ, కనుగుడ్లు మాత్రం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

ఖర్మకొద్దీ ఫోను అందుబాటులోనే ఉంది. "గుండె దగ్గర నొప్పి" అని కొట్టాడు. "ఊపిరి తీస్తే" అన్న రెండు మాటలు చేర్చే ఓపిక లేకపోయింది. అసలు సంగతంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. అవి లేకపోతే ఫోను మాత్రం ఏం చేస్తుంది? గుండెపోటు లక్షణాలు, చేతికి పాకే నొప్పి, చల్లచెమటలు అన్నీ తెచ్చి ముందు పరిచింది. ఎడమ చెయ్యి లాగుతోందేమోనని చూసుకున్నాడు. లాగుతోంది. గంటన్నర నుంచి ఆ చేత్తోనే ఫోను పట్టుకున్నాడు, లాగక ఏం చేస్తుంది!

"అమ్మా" అన్నాడు. గట్టిగా అరవాలంటే గాలి కావాలి, గాలి తీస్తే పోటు. అందుకని ఆ పిలుపు ఎంత నీరసంగా వెలువడిందంటే వంటింట్లో గిన్నె కింద పడింది.

"ఎక్కడ్రా నాన్నా?"

"ఇక్కడ." చూపుడువేలు పెట్టాడు.

"ఇక్కడా?" అమ్మ రెండంగుళాలు అవతల నొక్కింది.

"అక్కడ కాదే. ఇదిగో, ఇక్కడే."

రూపాయి బిళ్ల పెడితే కప్పేసేంత చోటు. ఆ హడావిడిలో ఎవరికీ పట్టలేదు గానీ, రోగం కథ సగం ఆ వేలు అప్పుడే చెప్పేసింది. గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పిని ఇలా ఒంటివేలితో చూపించేవాళ్లు తక్కువ. అరచెయ్యి మొత్తం పరుస్తారు, లేదా పిడికిలి ఆనిస్తారు. బరువు పెట్టినట్టుంది, బిగించినట్టుంది అంటారు. దాని హద్దులు చెప్పమంటే చెప్పలేరు. ఇక్కడేమో కుర్రాడు సర్వే రాయి పాతినట్టు చూపిస్తున్నాడు.

నాయనమ్మ మంచం దిగింది. "ఊపిరి పట్టేసింది వీడికి. అంతే."

ఇంట్లో వైద్యం చదివినవాళ్లు లేరు, ఆవిడ అయిదో తరగతి. అయినా ఆ మాటను పక్కనపెట్టడానికి లేదు. 1955లో మిల్లర్, టెక్సిడార్ అనే ఇద్దరు డాక్టర్లు సరిగ్గా ఈ నొప్పి గురించే రాసి, దానికి ప్రికార్డియల్ క్యాచ్ అని పేరు పెట్టారు. ప్రికార్డియల్ అంటే గుండెకు ముందరి చోటు. క్యాచ్ అంటే పట్టు. వెరసి నాయనమ్మ మాటే.

నిర్ధారణ సరే, వైద్యం దగ్గరే ఇల్లు మూడు ముక్కలైంది. అమ్మ వాము నలగ్గొట్టడానికి రోలు వెతుకుతోంది. మేడ మీది వాటాలో ఉండే బాబాయి లుంగీ ఎగ్గట్టుకుంటూ దిగొచ్చి, "గ్యాస్ వదినా, గ్యాస్! నాకూ వారం నుంచి ఇదే బాధ. సోడా పట్టిస్తే బ్రేవ్‌మని పోతుంది" అని ఫ్రిజ్ తలుపు తీశాడు. 48 ఏళ్ల బాబాయికి లోకంలో రోగం ఒక్కటే, గ్యాస్. తలనొప్పైతే పైకి తన్నిన గ్యాస్, మోకాలి నొప్పైతే కిందికి దిగిన గ్యాస్.

నాయనమ్మ ఈ రెండింటినీ కొట్టిపారేసి, ఎదురింటి పిన్నిగారిని కేకేసింది. పిన్నిగారు కాళ్లతో పుట్టిన మనిషి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు మెల్లిగా ఓ తన్ను తంతే నడుం పట్టు వదులుతుందని మనవైపు నమ్మకం. ఆ వీధిలో ఆవిడ కాలికి మంచి పేరుంది.

"నడుముకైతే తంతాను గానీ పెద్దమ్మా, గుండె మీద ఎట్లా తన్నేది?" అని పిన్నిగారు ధర్మసందేహం వెలిబుచ్చింది.

"పట్టు ఎక్కడైనా పట్టే. నువ్వు కాలెత్తు."

పిన్నిగారు చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, గోడ ఆసరా చేసుకుని కుడికాలు ఎత్తింది. వెండి మట్టెలతో ఆ పాదం తన రొమ్ముకేసి రావడం చూసిన కుర్రాడు బెదిరిపోయి, నిటారుగా లేచి కూర్చుంటూ గుండెల నిండా గాలి పీల్చాడు. లోపలెక్కడో టిక్కుమన్నట్టయింది. పోటు లేదు. మళ్లీ పీల్చాడు. లేదు. మూడోసారి అనుమానంగా పీల్చాడు. అసలా చోట ఏదైనా జరిగిందన్న గుర్తు కూడా లేదు.

గడియారం 2 గంటల 43 నిమిషాలు చూపిస్తోంది. వాము ఇంకా రోట్లోనే ఉంది. సోడా మూత రాలేదు. పిన్నిగారి కాలు గాల్లోనే ఉంది. కీర్తి మొత్తం ఆ కాలికే దక్కింది.

పాపం ఏ వైద్యానికైనా ఈ నొప్పి దగ్గర వచ్చే చిక్కే అది. దీని ఆయుష్షు మామూలుగా అర నిమిషం నుంచి 3 నిమిషాలు. మింగిన మాత్ర కడుపులో కరగాలి, రక్తంలో కలవాలి, అప్పటికి అరగంటవుతుంది. ఈలోగా నొప్పి దాని దారిన అది పోయి ఉంటుంది. కాబట్టి ఆ మూడు నిమిషాల్లో ఎవరు ఏం చేసినా పనిచేసినట్టే ఉంటుంది. వాము పెట్టినవాళ్లకు వాము, సోడా పట్టించినవాళ్లకు సోడా, ఏమీ చేయనివాళ్లకు వెంకటేశ్వరస్వామి.

నిజానికి కాలు చేసిన ఉపకారం రెండు రకాలు: వాణ్ని నిటారుగా కూర్చోబెట్టింది, లోతుగా ఊపిరి తీయించింది. ఈ పట్టుకు తెలిసిన చిట్కాలు ఆ రెండే. వెన్ను నిలబెట్టి కూర్చోవాలి. ధైర్యం చేయగలిగితే ఒక్కసారి పోటును భరిస్తూ నిండా పీల్చాలి. కొందరికి టిక్కుమని వదిలేస్తుంది. ఆ ధైర్యం లేనివాళ్లు కోడిపిల్ల ఊపిరితోనే కాసేపు కాలక్షేపం చేసినా తప్పులేదు, దానంతటదే పోతుంది.

పట్టు ఎందుకు పడుతుందో డాక్టర్లలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఊపిరితిత్తికి సొంతంగా నొప్పి తెలియదు. దాని చుట్టూ రెండు పొరలుంటాయి. వాటిలో పక్కటెముకల వైపు ఉండే బయటి పొరకు మాత్రం సూది మొనంత నొప్పి కూడా తెలుస్తుంది. ఒక్కో పక్కటెముక కింద నుంచి ఒక్కో నరం పోతుంది. మడతమంచం ఆసనంలో ఆ పొరో, ఆ నరమో ఎక్కడో నలుగుతుందనీ, ఊపిరితో రొమ్ము విచ్చుకున్నప్పుడల్లా అది గీపెడుతుందనీ ఎక్కువమంది అనుకుంటారు. గుండెకు ఇందులో పాత్ర లేదు. పక్కింట్లో గొడవైతే పోలీసులు మన తలుపు కొట్టినట్టు, దానికి మాట మాత్రం పడింది.

ఇంత జరిగాక డాక్టరుకు చూపించకపోతే బాబాయికి నిద్రపట్టదు. సాయంత్రం 6 గంటలకు కుర్రాణ్ని స్కూటరెక్కించుకుని తీసుకెళ్లాడు. క్లినిక్ రెండో అంతస్తులో. కుర్రాడు రెండేసి మెట్లు చొప్పున ఎక్కేశాడు. బాబాయి మొదటి మలుపులో ఆగి, రెయిలింగ్ పట్టుకుని, "మధ్యాహ్నం సోడా పైకి తన్నిందిరా. నువ్వు నడువు" అన్నాడు. కుర్రాడు తాగని సోడా వృథా అవుతుందని తనే తాగాడు మరి.

డాక్టరుగారు ముందు ఏ మిషనూ ముట్టలేదు. ఏం చేస్తుండగా వచ్చింది బాబూ? ఎంతసేపుంది? చెమట పట్టిందా? కళ్లు తిరిగాయా? గుండె దడదడలాడిందా? పరిగెత్తినప్పుడు, క్రికెట్ ఆడినప్పుడు ఎప్పుడైనా వచ్చిందా? ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా? మొదటి రెండు ప్రశ్నలు తప్ప అన్నింటికీ లేదు అనే జవాబు. తర్వాత రొమ్ము ఎముక అంచు వెంబడి ఒక్కో పక్కటెముక మొదట్లో బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చారు. అక్కడ నొక్కితే కెవ్వుమనేవాళ్లది ఇంకో కథ, ఎముకకూ మృదులాస్థికీ మధ్య వాపు. అది రోజుల తరబడి సలుపుతుంది. కుర్రాడు కెవ్వుమనలేదు, కితకితలకు మెలికలు తిరిగాడు. స్టెతస్కోపు వీపు మీద రెండు వైపులా పెట్టి, గాలి సమానంగా పోతోందో లేదో విన్నారు. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు, 99.

"ఇది ఊపిరి పట్టు" అన్నారు. కుర్రాడికి నాయనమ్మ గుర్తొచ్చింది. "పిల్లల్లో, నీ వయసువాళ్లలో మామూలే. మళ్లీ రావచ్చు. రేపే రావచ్చు, ఆరు నెలలకు రావచ్చు. పాతికేళ్లు దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. మందు అక్కర్లేదు. సోఫాలో కాస్త మనిషిలా కూర్చో."

అంతవరకూ నవ్వుతున్న మనిషి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అయితే ఒకటి. నొప్పి పది నిమిషాలు దాటినా తగ్గక, ఆయాసం కూడా ఉంటే ఆగకూడదు. నీలాగా పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రాళ్లలో, సిగరెట్టు కాల్చేవాళ్లలో ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికొచ్చేస్తుంది. అదీ ఇలాగే ఒక్కసారిగా పొడుస్తుంది, కానీ వదలదు. జ్వరం, దగ్గుతో వస్తే నిమ్ము చూడాలి. పడుకుంటే ఎక్కువై, ముందుకు వంగితే తగ్గితే గుండె పొర వాపేమో చూడాలి. పిక్క వాచి, ఆ తర్వాత రొమ్ములో పోటు, ఆయాసం వస్తే రక్తం గడ్డ. పరుగెడుతుండగా నొప్పొచ్చినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చెయ్యాలి. అప్పుడు వామూ సోడా అంటూ కూర్చోకూడదు."

బాబాయికి ఆ చివరి మాట నచ్చలేదు. దానికి తోడు, డాక్టరు కాగితం మీద ఏమీ రాయకుండా పంపేస్తున్నాడు. "ఈసీజీ తియ్యరా సార్? డబ్బులదేముంది, తియ్యండి!"

"ఈ బాబుకు అవసరం కనిపించడం లేదండీ."

"అలా అనకండి సార్. వీడిదీ నాదీ ఒకే రక్తం. నాకూ వారం నుంచి ఇదే పట్టు. నేనైతే గ్యాసని ఊరుకున్నాను."

డాక్టరుగారు పెన్ను మూత పెట్టబోయి ఆగారు. "ఊపిరి తీస్తే పొడుస్తుందా?"

"ఊపిరితో సంబంధం లేదు సార్. మెట్లెక్కితే వస్తుంది. ఆగితే నాలుగైదు నిమిషాల్లో పోతుంది. ఇందాక మీ మెట్ల మీద కూడా వచ్చింది."

"ఎక్కడ వస్తుందో చూపించండి."

బాబాయి అరచెయ్యి మొత్తం రొమ్ము మధ్యలో పరిచాడు. "ఇదిగో, ఇక్కడంతా. ఎవరో బియ్యం బస్తా దించినట్టు ఉంటుంది. ఈ ఎడమ చెయ్యి కూడా బరువెక్కుతుంది. గ్యాస్ భుజానికి పాకుతుంది కదా."

కుర్రాడు ఆ అరచేతి వైపు చూశాడు. తర్వాత తన చూపుడువేలి వైపు చూసుకున్నాడు.

రెండు నిమిషాల్లో బాబాయి చొక్కా విప్పి బల్ల మీద ఉన్నాడు. కాళ్లకూ చేతులకూ నాలుగు క్లిప్పులు, రొమ్ము మీద చల్లటి జెల్లీ రాసి ఆరు బిళ్లలు. రొమ్ము మీది అడవిలో బిళ్లలు నిలవక రెండుసార్లు ఊడిపోతే, నర్సమ్మ రేజర్ తెచ్చి అక్కడక్కడా దారి చేసింది. "కదలకండి, మాట్లాడకండి" అని ఆవిడ అంటుంటే ఆయన పైకప్పు ఫ్యానుతో, "గ్యాసేనమ్మా, సోడా తాగకపోయినా బాగుండేది" అంటున్నాడు.

"ఈ గీతలు బాగానే ఉన్నా మిమ్మల్ని ఇంటికి పంపను" అన్నారు డాక్టరుగారు లెటర్‌హెడ్ మీద గబగబా రాస్తూ. "నొప్పి లేనప్పుడు తీస్తే శుభ్రంగానే కనిపించొచ్చు. కొత్తగా వారం నుంచి వస్తోందంటున్నారు కాబట్టి ఇవాళే, ఇప్పుడే గుండె ఆసుపత్రికి వెళ్లాలి. స్కూటరు మీద కాదు. అంబులెన్సు పిలుస్తున్నాను."

చేతిలో బాబాయి చొక్కా, స్కూటరు తాళాలు పట్టుకుని కుర్రాడు వరండాలోకి వచ్చాడు. ఫోను మోగింది.

"ఏమన్నార్రా డాక్టరుగారు?" అమ్మ గొంతు.

"నాకేం లేదంటమ్మా. బాబాయిని పడుకోబెట్టారు."

ఫోన్లోంచి గిన్నె పడిన చప్పుడు వినిపించింది.