ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు

ఇంగ్లిషు నిఘంటువులో పట్టపగలు ఒక ఘోరం జరుగుతోంది, అడిగే పెద్దమనిషి లేడు. 'మ్యాచ్' అన్న మాట అక్కడ రెండు పద్దులుగా కాపురం ఉంటోంది. ఒకే అక్షరాలు, ఒకే ఉచ్చారణ, పక్కన ఒకటి, రెండు అని అంకెలు. మనూళ్లో అయితే ఇద్దరినీ రచ్చబండ దగ్గర నిలబెట్టి "మీరెవరి తాలూకు?" అని అడిగేవాళ్లం. ఇంగ్లిషువాడికి తీరిక లేదు కాబట్టి విచారణ నేనే చేపట్టాను.

మొదటి మ్యాచ్ పుట్టిల్లు పాత ఇంగ్లిషు. 'యెమ్యాచ్చ' అంటే జోడు, తోడు, మొగుడో పెళ్లామో. జోడు కుదిరినవాళ్లే తర్వాత ఎదురెదురుగా నిలబడి పోటీకి దిగారు. (పెళ్లయినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.) క్రికెట్ మ్యాచ్, పెళ్లిళ్ల పేరయ్య తెచ్చే "మంచి మ్యాచ్", చీర చేత్తో పట్టుకుని జాకెట్టు ముక్క కోసం పూటంతా కూర్చునే మ్యాచింగ్ సెంటర్, అన్నీ ఆ వంశమే.

రెండోది అగ్గిపుల్ల. ఫ్రెంచి సీమ నుంచి వచ్చింది. అక్కడ 'మెష్' అంటే దీపపు వత్తి. ఇంకాస్త తవ్వితే లాటిన్ మీదుగా గ్రీకు 'మ్యూక్సా' దాకా పోవచ్చని పండితుల మాట. ఆ మాటకు చీమిడి అని అర్థం! ప్రమిద మూతిలోంచి వత్తి వేలాడుతుంటే గ్రీకువాడికి జలుబు చేసిన పిల్లాడి ముక్కు గుర్తొచ్చిందట. సంధ్యాదీపానికి దణ్ణం పెట్టుకునేటప్పుడు దయచేసి ఈ సంగతి తలచుకోకండి.

వత్తి పేరు ఫిరంగి అంటించే తాడుకు, గంధకం పూసిన పుల్లకు పాకింది. 1827లో ఇంగ్లండులోని స్టాక్టన్‌లో జాన్ వాకర్ అనే మందుల షాపాయన గీస్తే మండే పుల్లలు అమ్మాడు. పాపం, 'రాపిడి దీపాలు' అని ముచ్చటగా పేరు పెట్టుకున్నాడు. జనం వింటేగా! పేటెంటూ తీసుకోలేదు, పేరూ నిలవలేదు.

కాబట్టి ఇద్దరికీ రక్తసంబంధం లేదని తేలింది. ఇంటిపేరు ఒకటే అయినా గోత్రాలు వేరు గనక పెళ్లికి అభ్యంతరం లేదు. ఒకరికి తోడు కావాలి, ఇంకొకరు కాస్త గీస్తే చాలు భగ్గుమంటారు. 36 గుణాల్లో 18 దాటకపోతే నన్నడగండి. ముహూర్తం మాత్రం ఐపీఎల్ లేని రోజు చూడాలి, ఆడపెళ్లివారిలో సగం మంది మైదానంలోనే ఉంటారు. హోమానికి అగ్గిపెట్టె మగపెళ్లివారు తెచ్చుకుంటారు.