సవరణ: ‘ది ట్రాకర్’ గురించి రాసిన రెండు తప్పులు

రోల్ఫ్ డి హీర్ తీసిన ఆస్ట్రేలియా సినిమా ‘ది ట్రాకర్’ (2002) గురించి మొన్న రాస్తూ, కాల్పుల దృశ్యాలు కళ్లారా చూడలేనంత ఘోరంగా ఉన్నాయన్నాను. అది తప్పు. చంపే ఘట్టం రాగానే పీటర్ కోడ్ వేసిన వర్ణచిత్రం తెరనిండా నిలుస్తుంది. చప్పుళ్లు, అరుపులు మాత్రం చెవిన పడతాయి. ఆ బొమ్మలనే నా మనసు నెత్తురుగా గుర్తుపెట్టుకుంది. దర్శకుడు పాటించిన ఆ సంయమనమే సినిమాకు ప్రాణం.

కథ 1922 నాటిది. గుర్రాల మీద తెల్లవాళ్లు, వాళ్ల ముందు కాలినడకన జాడలు తీస్తూ ఆదివాసి. ఆ పాత్ర వేసిన డేవిడ్ గుల్పిలిల్‌కు అప్పటికి యాభై దగ్గరపడింది. 1971లో వచ్చిన ‘వాకబౌట్’తోనే ఆయన కథానాయకుడయ్యారని కూడా రాశాను. కాదు, అది తొలి సినిమా మాత్రమే. సినిమా మొత్తాన్ని మోసే పాత్ర దక్కడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. అంత నిరీక్షణను ఒక్క వాక్యంతో చెరిపేసినందుకు మన్నించండి.