బొమ్మల కౌంటరు, డెలివరీ చీటీ

1948 డిసెంబరు. న్యూయార్క్‌లోని బ్లూమింగ్‌డేల్స్‌లో క్రిస్మస్ రద్దీ. బొమ్మల సెక్షన్‌లో తాత్కాలికంగా పనికి కుదిరిన 27 ఏళ్ల అమ్మాయి దగ్గరికి ఖరీదైన ఫర్ కోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. కూతురికి బొమ్మ కొని, ఇంటికి పంపమని పేరూ అడ్రసూ రాయించి వెళ్లిపోయింది. అంతే. ఆ సాయంత్రం అమ్మాయి ఇంటికెళ్లి ఒక నవలకి కావలసిన కథంతా ఎనిమిది పేజీల్లో రాసేసుకుంది. మర్నాటికి జ్వరం. చూస్తే ఆటలమ్మ! బొమ్మల కోసం వచ్చిన పిల్లలెవరి దగ్గరో అంటించుకుందట.

ఆ అమ్మాయి అమెరికన్ రచయిత్రి పెట్రీషియా హైస్మిత్. ఆ నవల ‘ది ప్రైస్ ఆఫ్ సాల్ట్’, ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ. 1952లో క్లేర్ మోర్గన్ అనే మారుపేరుతో వచ్చింది.

ఈ ముచ్చట చెప్పేవాళ్లు చాలామంది ‘విధి కలిపింది’ అని ఊరుకుంటారు. నాకది సరిపోదు. అసలు హైస్మిత్ ఆ కౌంటర్ వెనక ఎందుకుంది? అప్పట్లో ఆమెకి ఒకతనితో పెళ్లి ఆలోచన నడుస్తోంది. ఆడవాళ్ల మీద మనసు పోయే ‘జబ్బు’ని నయం చేయించుకుందామని మానసిక చికిత్సకి వెళ్తోంది. ఆ ఫీజు కట్టడానికే ఈ ఉద్యోగం. మారిపోదామని పట్టిన దారే ఆమెను తీసుకొచ్చి ఆవిడ ఎదుట నిలబెట్టింది.

ఆడామగా కలవడానికి లోకం నిండా ఏర్పాట్లే. మనకైతే పెళ్లిచూపులు, పెళ్లిళ్ల పేరయ్యలు, ‘మా తమ్ముడొకడున్నాడు’ అనే పక్కింటి పిన్నిగార్లు. ఇద్దరు ఆడవాళ్లని పరిచయం చేసి, ‘కాసేపు మాట్లాడుకోండమ్మా’ అని పక్కకు తప్పుకునేవాళ్లు ఎవరు? అందుకే ఇలాంటి కథలు ఎక్కువగా అనుకోని కలయికతో మొదలవుతాయి. రచయితకి వేరే ఉపాయం తోచక కాదు, ఆ పాత్రలకి వేరే దారి లేక.

ఆ ఒక్కసారి కలవడంతో పని జరగదు. రెండోసారి ఎలా కలవాలి? నవలలో కౌంటర్ అమ్మాయి తెరీజ్, బొమ్మ కొనడానికి వచ్చినావిడ క్యారల్. తెరీజ్ ఆ డెలివరీ అడ్రసుకి క్రిస్మస్ కార్డు పంపుతుంది. కింద పేరు కూడా రాయదు, దుకాణంలో తన ఉద్యోగి నంబరు వేస్తుంది. ఈ నవల ఆధారంగా 2015లో టాడ్ హేన్స్ తీసిన ‘క్యారల్’ సినిమాలో కార్డు బదులు చేతి తొడుగులు వచ్చాయి. క్యారల్ వాటిని కౌంటర్ మీద మర్చిపోతుంది, తెరీజ్ పోస్టులో పంపిస్తుంది. చూడ్డానికి బావుంటుంది. కానీ నా ఓటు కార్డుకే. మర్చిపోయిన వస్తువు తిరిగిచ్చేయడం మర్యాద, ఎవరూ తప్పు పట్టరు. అక్కర్లేని కార్డు పంపడానికి మాత్రం ధైర్యం కావాలి.

ఆ ధైర్యానికి వాళ్లు కట్టిన మూల్యం చిన్నదేం కాదు. క్యారల్ భర్త డిటెక్టివ్‌ని పెడతాడు, హోటల్ గదుల్లో మాటలు రికార్డవుతాయి, కూతురు ఆమెకి దూరమవుతుంది. అయినా చివర్లో ఇద్దరూ ఒకటవుతారు. ఆ రోజుల్లో అది అరుదు. అదే 1952లో మరిజేన్ మీకర్ అనే రచయిత్రి మారుపేరుతో రాసిన ‘స్ప్రింగ్ ఫైర్’లో ఇద్దరమ్మాయిల్లో ఒకరికి మతి చలిస్తుంది, రెండోవాళ్లు అసలిది ప్రేమే కాదని తేల్చుకుంటారు. పోస్టల్ అధికారులు పుస్తకాల్ని ఆపేస్తారన్న భయంతో ఎడిటరే అలా ముగించమన్నాడని మీకర్ తర్వాత చెప్పింది. తమాషా ఏంటంటే, 1959లో హైస్మిత్, మీకర్ గ్రెనిచ్ విలేజ్‌లోని ఒక బార్‌లో తారసపడి ప్రేమలో పడ్డారు, కొన్నాళ్లు కలిసి బతికారు.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఈ ప్రేమ నేరం కాదు. కానీ 2023 అక్టోబరు 17న ఇలాంటి జంటల పెళ్లికి గుర్తింపు ఇవ్వడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. హైదరాబాద్ మెట్రోలో ఇద్దరమ్మాయిలు తారసపడొచ్చు, ఫోన్ నంబర్లు మార్చుకోవచ్చు. ఆ తర్వాత ఇంట్లో ‘సంబంధం వచ్చిందే’ అన్నప్పుడు మొదలయ్యే టెన్షన్‌కి ఏ తీర్పూ ఇంకా జవాబు చెప్పలేదు.

పేపర్‌బ్యాక్‌గా వచ్చాక హైస్మిత్ నవల దాదాపు పది లక్షల కాపీలు అమ్ముడైంది. ఈ ముగింపు చదివి ఊపిరి పీల్చుకున్నామంటూ క్లేర్ మోర్గన్‌కి నెలల తరబడి ఉత్తరాలు వచ్చాయి. ఆ పేరు వెనకున్న అసలు రచయిత ఎవరో పాఠకులకి తెలియడానికి 1990 దాకా పట్టింది. అప్పటికి ఆమెకి డెబ్భై దగ్గర పడింది.

మరి ఆ ఫర్ కోటు ఆవిడ? హైస్మిత్ చీటీలో చూసిన అడ్రసు పట్టుకుని న్యూజెర్సీ వెళ్లి, దూరం నుంచి ఆ ఇంటిని చూసి వచ్చింది. తలుపు తట్టలేదు. నవల అచ్చయ్యేసరికి ఆవిడ బతికి లేదు. ఒక బొమ్మ కొన్నందుకు తన మీద నవల పుట్టిందని ఆవిడకి తెలియనే తెలియదు.