రిపోర్టింగ్ టైమ్ గారికి ఒక గ్యాలరీ తల్లి విన్నపం

మహారాజశ్రీ రిపోర్టింగ్ టైమ్ గారి సముఖమునకు,

హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. మీరక్కడ సర్క్యులర్‌లో మొదటి పేరాలోనే, లావు అక్షరాల్లో, క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

‘ఈతగాళ్లందరూ ఉదయం 7.00 గంటలకు కచ్చితంగా హాజరు కావలెను’ అన్నారు. ఆ ‘కచ్చితంగా’ చూసి మా ఇల్లంతా వణికింది. పిల్లల ఈత పోటీలు, అదే మీట్, హైదరాబాద్‌లో, అదీ ఊరికి అవతలి కొసన. మాకు 150 కిలోమీటర్ల పైమాటే. రాత్రే సర్వపిండి కాల్చి డబ్బాలో పెట్టాను. సంచిలో రెండు క్యాపులు, రెండు జతల గాగుల్స్ (ఒకదాని పట్టీ తెగడానికి మీట్ రోజునే ముహూర్తం పెట్టుకుంటుంది), పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, వాటి జిరాక్సులు. తెల్లారగట్ల మూడింటికి కారెక్కితే, స్టేషన్ ఘన్‌పూర్ దాటేదాకా పిల్ల నా ఒళ్లోనే. జనగామ దగ్గర ఉలిక్కిపడి లేచి, “అమ్మా, లేటయితుందా?” అంది. చూడండి, మీ మీద దానికెంత భక్తో.

ఏడుకు పది నిమిషాల ముందే గేటు దగ్గర నిలబడ్డాం. మీరు లేరు. వాచ్‌మన్ చాయ్ తాగుతూ, “ఇంకా ఎవ్వలు రాలే మేడం, ఎందుకు తొందర?” అన్నాడు. అక్కడ మిమ్మల్ని సరిగ్గా అర్థం చేసుకున్నది ఆయనొక్కడే.

తర్వాత వార్మప్ అన్నారు. అన్ని గ్రూపుల పిల్లలూ ఒకేసారి దిగారు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర కూడా ఇంతకంటే చోటుంటుంది. సరే, దాని గురించి పెద్దగా చెప్పను. వార్మప్ సంగతి మీకు తెలియనిదా? కండరాలు వేడెక్కాక ఎక్కువసేపు ఆగకుండా రేసు ఈదాలి, లేకపోతే ఆ కష్టమంతా నీళ్లపాలు. మా పిల్ల వేడెక్కింది, పైకొచ్చి చల్లబడింది, తువ్వాల తడిసి ముద్దయింది. చేతి మీద మార్కర్‌తో రాసుకున్న ఈవెంటు, హీటు (ఏ బ్యాచ్‌లో ఈదాలో), లేన్ నెంబర్లు నీళ్లకు చెరగలేదు గానీ, ఎండలో కూర్చున్న చెమటకు చెరిగిపోయాయి. మళ్లీ రాశాను. ఈసారి 4, 9 లాగా వచ్చింది.

అన్నం సంగతి మరీ ఘోరం. పెడితే అప్పుడే మైకులో ‘ఫైనల్ కాల్’ అంటారేమోనని భయం. పెట్టకపోతే పిలవరు. అరటిపండు సగం తినిపించి, మిగతా సగం చేతిలో పట్టుకుని నేను గ్యాలరీలో నిలబడ్డాను. పక్కన కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన తన కొడుకు కోసం తెచ్చిన పెరుగన్నం తనే తినేసి, “మనకు గూడ ఒక ఈవెంటు పెడితే బాగుండు అక్కా” అన్నాడు.

ముఖ్య అతిథి గారు పదకొండు దాటాక వచ్చారు. ఆయన సర్క్యులర్‌లో మీరు లేరనుకుంటా. జ్యోతి వెలిగించారు, శాలువా కప్పారు. తడి చెడ్డీలతో, నీలిరంగు పెదాలతో వరుసలో నిలబడ్డ పిల్లలకు ఈత ఆరోగ్యానికి ఎంత మంచిదో వివరంగా చెప్పారు. శాలువా ఒక్కటే ఉండటం వల్ల పిల్లలకు సరిపోలేదు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మాత్రం ఆ తర్వాత జరిగింది. అప్పటిదాకా గంటల్ని మరమరాల్లా విసిరేసిన మనుషులే, విజిల్ పడగానే సెకనులో నూరో వంతుకు కాపలాదార్లయ్యారు! లేన్‌కు ముగ్గురు స్టాప్‌వాచీలతో వంగి నిలబడ్డారు. మూడు వాచీలు మూడు టైములు చూపిస్తే మధ్యది తీసుకుంటారు, అంత న్యాయం. తప్పేం లేదు లెండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ 100 మీటర్ల బటర్‌ఫ్లై 50.58 సెకన్లకు ముగిస్తే, సెర్బియా ఈతగాడు చావిచ్ 50.59కి గోడ తాకాడు. ఆ నూరో వంతే బంగారానికీ వెండికీ తేడా. మా పిల్ల కంటే ముందు అబ్బాయిల హీట్‌లో ఒక బాబు బీప్ కంటే రవ్వంత ముందు కదిలాడు. అంతే, డిస్‌క్వాలిఫై. ఒక్క తప్పు స్టార్ట్‌కే ఇంటికి, రెండో అవకాశం లేదు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఇంకో పిల్ల గోడను రెండు చేతులతో ఒకేసారి తాకలేదని ఆమె టైమూ కొట్టేశారు. నియమం నియమమే.

అయితే స్వామీ, రవ్వంత ముందు కదిలిన తొమ్మిదేళ్ల పిల్లాడిది తప్పు స్టార్టయితే, నాలుగు గంటలు వెనక కదిలిన మీట్‌ది ఏ రకం స్టార్టు? దానికి చెయ్యెత్తే రెఫరీ ఏ కుర్చీలో కూర్చుంటాడు?

మా పిల్ల 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదింది. నలభై చిల్లర సెకన్లు. నేను ఫోన్ జూమ్ సరిచేసుకునే లోపే అయిపోయింది. వీడియోలో మొదటి పావువంతు నా బొటనవేలు, చివర్లో పక్క లేన్ అమ్మాయి. టైము మాత్రం బాగా తగ్గించుకుంది, దాని మొహం చూసి తెలిసింది. సర్టిఫికెట్ సాయంత్రం ఇస్తామన్నారు, ఆ సాయంత్రం ఏ ఊరిదో చెప్పలేదు.

వచ్చే మీట్ సర్క్యులర్ నిన్ననే గ్రూపులో వచ్చింది. ఈసారి మీరు 6.30కి మారారట, అభినందనలు. ఒక్క మనవి. మొదటి హీట్ అసలు ఏ పూటకు పడుతుందో నాకొక్కదానికే చెవిలో చెప్పండి, ఎవరికీ చెప్పను. సర్వపిండి రాత్రి కాల్చాలా, పొద్దుగాల కాల్చాలా అని మా అత్తమ్మ అడుగుతున్నది.

ఇట్లు,
గ్యాలరీ మూడో మెట్టు మీద దుప్పటి పరిచిన ఒక తల్లి,
హనుమకొండ