డాష్డ్ లైన్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ డాష్డ్ లైన్ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీరు ముక్కలు ముక్కలుగా ఉన్నారు, నేను తెల్లవార్లూ నిద్ర లేకుండా ఉన్నాను. ఆ మాట రాస్తే ఇద్దరి విషయంలోనూ అబద్ధమే అవుతుంది. అందుకని నేరుగా సంగతికొస్తాను.

నేను గ్రాఫులు గీసి పొట్ట పోసుకునేవాణ్ణి. నిన్న రాత్రి గీయాల్సింది ఒకే ఒక్క గ్రాఫ్. ఎడమవైపు గడిచిన నెలల లెక్క, కుడివైపు రాబోయే 12 నెలల అంచనా. జరిగినదానికి నిండు గీత, జరగబోయేదానికి ముక్కల గీత, అంటే మీరు. అయిదు నిమిషాల పని. తొమ్మిదింటికి కూర్చున్నాను. మూడున్నరకి కూడా మీ ముక్క ఎంత పొడవుండాలి, ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ ఎంతుండాలి అన్నదగ్గరే ఉన్నాను. అసలు అంచనా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మాత్రం తీరిక చిక్కలేదు.

మీ దర్శనం కూడా అంత తేలిగ్గా దొరకదు లెండి. నేను గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ పేరు ఆర్. ఆర్‌లో గీత కావాలంటే టైప్ అన్నచోట ఇంగ్లిష్ చిన్న ఎల్ అక్షరం రాయాలి. దాని ముఖం, 1 అంకె ముఖం చాలా ఫాంట్లలో కవల పిల్లల్లా ఉంటాయి. పాత ప్రింటవుట్ చూసి టైపు చేసే నాలాంటివాడు 1 కొడతాడు. వెంటనే ‘1 అనే ప్లాట్ టైప్ చెల్లదు’ అని ఎర్రటి అక్షరాల్లో మందలింపు వస్తుంది. మందలింపులోని 1 కూడా చూడ్డానికి ఎల్ లాగే ఉండటంతో, రాయాల్సిందే కదా రాశాను, ఎందుకు చెల్లదు అని పావుగంట దానితో పోట్లాడాను.

అది సర్దుకున్నాక గీత వచ్చింది. వచ్చిందంటే, పసిపిల్లాడి చేతికి పెన్సిలిస్తే గోడ మీద ఏమొస్తుందో అది వచ్చింది. సాఫ్ట్‌వేర్ బిందువుల్ని ఎడమ నుంచి కుడికి కలపదు, మనం ఇచ్చిన వరసలో కలుపుతుంది. నా టేబుల్‌లో తేదీలు వరసలో లేవు. జూన్ నుంచి జనవరికి, జనవరి నుంచి అక్టోబరుకి గీత పరుగులు పెట్టింది. ఇందులో తమ తప్పేమీ లేదు. ఊరికే చెప్పుకుంటున్నాను, పడ్డవాణ్ణి కాబట్టి.

ఇక తమ కుటుంబం. ఆర్‌లో మీ ఇంటిపేరు ఎల్‌టీవై, అంటే లైన్ టైప్. ఇంట్లో నంబర్లున్నాయి. 1 నిండు గీత, ఇంటి పెద్ద, ఎవరూ అడక్కపోయినా ముందుకొచ్చి కూర్చుంటాడు. 2 మీరు. 3 చుక్కల గీత. 4 చుక్కా ముక్కా కలిసిన గీత. 5 పొడుగు ముక్కల గీత, అంటే భోజనం చేసి వచ్చిన మీరే. 6 ఒక పొట్టి ముక్క, ఒక పొడుగు ముక్క. ఇక 0 ఉంది, దాని పేరు ఖాళీ. గీత గీయమని అడిగి, ఏ గీతా కనబడకూడదని ఆదేశించే సదుపాయం. మా ఆఫీసులో ఈ పద్ధతిలో పనిచేసేవాళ్ళు ముగ్గురున్నారు గనక నేను దాన్ని తప్పు పట్టను. 7 అని అడిగితే అలాంటి గీత లేదని చెప్పొచ్చు కదా? చెప్పరు. చప్పుడు చేయకుండా మళ్ళీ మొదటికెళ్ళి నిండు గీత చేతిలో పెడతారు.

ఆరింటితోనే ఆగి ఉంటే నేను పన్నెండింటికల్లా పడుకునేవాణ్ణి. కానీ మీ ఇంట్లో దొడ్డిదారి ఒకటుంది. నంబరు బదులు ఒక అంకెల మాల ఇవ్వొచ్చు. 44 అంటే నాలుగు పాళ్ళు గీత, నాలుగు పాళ్ళు ఖాళీ. అదే మీరు. 73 అంటే ఏడు గీత, మూడు ఖాళీ. 1343 అంటే ఒక చుక్క, మూడు ఖాళీ, నాలుగు గీత, మళ్ళీ మూడు ఖాళీ. ఒక్కో స్థానంలో 1 నుంచి 9 దాకా, ఆ పైన పదిహేను దాకా ఇంగ్లిష్ అక్షరాలు ఎ నుంచి ఎఫ్ వరకు. మాలలో అంకెలు రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో ఉండాలి. బేసి సంఖ్యలో ఇస్తే కుదరదు, సున్నా ఇస్తే ఒప్పుకోరు. జాతకం పొంతన చూసేవాళ్ళు కూడా ఇంత నియమం పాటించరు.

పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడని సామెత. నాకు పనుంది, అయినా గొరిగాను. 84 పెట్టాను, బాగుంది. 83 పెడితే ఇంకా బాగుందనిపించింది. మళ్ళీ 84. ఎఫ్1 పెడితే పదిహేను పాళ్ళు గీత, ఒక్క పాలు ఖాళీ వచ్చి, నిండు గీతకి ఎక్కిళ్ళు పట్టినట్టుంది. గీత సన్నగా ఉందని మందం పెంచాను. ఈ కొలతలన్నీ గీత మందానికి గుణకాలట. మందం రెట్టింపు చేస్తే మీ ముక్కలూ, వాటి మధ్య ఖాళీలూ కూడా సాగిపోయాయి. అంతసేపు తూకం వేసిన 84 ఇప్పుడు రైలు బోగీల్లా ఉంది. మళ్ళీ మొదటి నుంచి.

ఒక దశలో మీ కొనలు గుండ్రంగా ఉండాలా, చదరంగా ఉండాలా అని కూడా ఆలోచించాను. కొనలకి వేరే ఆప్షన్ ఉంది, మూలల్లో గీతలు కలిసే తీరుకి ఇంకొకటి. ఆ కొనలు ఎంతుంటాయో తెలుసుకోవాలంటే స్క్రీన్ మీద గ్రాఫ్‌ని ఎనిమిది రెట్లు పెంచి చూడాలి. పెంచి చూశాను. గుండ్రంగానే పెట్టాను. తెల్లారి ప్రొజెక్టర్ మీద చూసేవాళ్ళకి ఆ తేడా తెలియాలంటే నిచ్చెన కావాలి.

తమ గొప్పతనం నాకు తెలియక కాదు. 1786లో గీతల గ్రాఫుకి ఆద్యుడనిపించుకున్న విలియం ప్లేఫెయిర్ దేశాల ఎగుమతులూ దిగుమతులూ గీతలుగా వేసి అచ్చు వేయించినప్పుడు రాగి రేకు మీద చెక్కి, రంగులు చేత్తో అద్దించాల్సి వచ్చింది. ప్రతి కాపీకీ మనిషిని కూర్చోబెట్టి రంగు వేయించడం ఎవరివల్ల అవుతుంది? నలుపు తెలుపుల అచ్చులో నాలుగు గీతలు నాలుగుగా కనబడాలంటే ఒకదాన్ని ముక్కలు చేయాలి, ఒకదాన్ని చుక్కలు చేయాలి. ఇవాళ రంగులున్నా మీ అవసరం తీరలేదు. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మగవాళ్ళు మా మీటింగుల్లో కూడా ఉంటారు, బయటికి చెప్పరంతే. రంగుల గ్రాఫ్‌ని ఎవరో ఒకరు నలుపు తెలుపులో జిరాక్స్ తీస్తారు. అప్పుడు రంగులన్నీ బూడిదలో కలిసిపోతాయి, మీరొక్కరే మిగులుతారు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను, కాబట్టి పైన తిట్టినదాంట్లోంచి కొంత తగ్గించుకోండి.

పక్కింటివాళ్ళ సంగతి, అంటే గ్రాఫులు గీసే మిగతా సాఫ్ట్‌వేర్ల సంగతి కూడా చూసొచ్చాను. మాట్‌ప్లాట్‌లిబ్‌లో రెండు హైఫన్లు కొడితే మీరు ప్రత్యక్షమవుతారు, చూడముచ్చటగా ఉంటుంది. కానీ నచ్చినట్టు కత్తిరించుకోవాలంటే బ్రాకెట్లో బ్రాకెట్ పెట్టి, మొదట ఎక్కడ మొదలవ్వాలో, తర్వాత ఎంత గీత ఎంత ఖాళీ అన్నదీ రాయాలి. నూప్లాట్‌లో చుక్కా, గీతా, అండర్‌స్కోరూ కొటేషన్లలో పెడితే అదే ఆకారంలో గీత వస్తుంది. నాకు అన్నిట్లోకీ అదే నచ్చింది, మనిషితో మాట్లాడినట్టుంటుంది. సాస్‌లో పాత గ్రాఫ్ పద్ధతిలో మీ వంశంలో 46 మందున్నారు. 46 రకాల గీతలు! ఒక గ్రాఫ్‌లో నాలుగు దాటితే ఏది ఎవరిదో కన్ను పోల్చుకోలేదు. మిగిలిన 42 మంది ఎవరికోసం ఎదురుచూస్తున్నారో.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఆర్‌కి తోడుగా వాడుకునే జీజీప్లాట్2. అక్కడ గీత మందానికి చాలాకాలం సైజ్ అనే పేరుండేది. 2022లో 3.4.0 వెర్షన్ నుంచి దాన్ని లైన్‌విడ్త్ అనమన్నారు. పాత స్క్రిప్ట్ నడిపితే మెల్లగా మందలిస్తుంది. అది సరే. ఆ మందం కొలత మిల్లీమీటర్లలో ఉండాలి. కానీ ఎప్పుడో జరిగిన పొరపాటు వల్ల 1 అంటే సుమారు 0.75 మిల్లీమీటరు వస్తుంది. సరిదిద్దితే ఇప్పటికే గీసిన లెక్కలేనన్ని గ్రాఫులు మారిపోతాయి గనక ఈ తప్పుతోనే ఉండిపోయామని వాళ్ళ సూచనల్లో వాళ్ళే రాసుకున్నారు. ముప్పావుని ఒకటి అని పిలుస్తూ, అది ముప్పావేనని ఒప్పుకుంటూ కాపురం చేస్తున్నారు. ఇంత నిజాయితీగా తప్పు చేసేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

సరే, మీ వేషాల సంగతికొద్దాం. ఒక గ్రాఫ్‌లో మీరు అంచనా. ఇంకో గ్రాఫ్‌లో సగటు. వేరే దాంట్లో ఆ అంచనా ఎంత అటూ ఇటూ అవ్వచ్చో చెప్పే పై అంచూ కింది అంచూ. మరోచోట ‘దీని పైన ఉంటే ప్రమాదం’ అనే అడ్డ గీత. ఇంకోచోట పోయినేడాది లెక్క. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో వస్తువు వెనకాల దాగి కనబడని అంచు. మ్యాపులో రెండు దేశాలూ మాదే అంటున్న సరిహద్దు. ఒకే మనిషి పెళ్ళికొడుకూ పురోహితుడూ తానే అయినట్టు, ఒక్కోసారి ఒకే గ్రాఫ్‌లో మూడు వేషాలూ మీవే. చూసేవాడు ఎవరిని ఏమని పలకరించాలి?

మీ పేరు చెప్పి తిరిగే దొంగలు కూడా ఉన్నారు. డేటాలో మధ్యమధ్య విలువలు లేకపోతే నిండు గీత అక్కడక్కడా తెగి, అచ్చం మీలా తయారవుతుంది. లెక్క లేకపోవడానికీ, లెక్క అనుమానంగా ఉండటానికీ కంటికి తేడా లేదు. మీలాంటివాళ్ళిద్దరు ఒకరి మీద ఒకరు పడి, ఒకరి ఖాళీలో ఇంకొకరి ముక్క కూర్చుంటే చూసేవాడికి నిండు గీత. ఇద్దరు అనుమానస్తులు కలిస్తే ఒక నమ్మకస్తుడు పుడతాడన్నమాట. మా కమిటీలు నడిచేదీ ఇలాగే కాబట్టి నాకు ఆశ్చర్యం వేయలేదు.

లెజెండ్, అంటే ఏ గీత దేనిదో చెప్పే చిన్న పట్టీ, దాని గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆర్ మామూలు గ్రాఫుల్లో లెజెండ్ అనేది గ్రాఫ్‌తో సంబంధం లేని పరాయి మనిషి. గ్రాఫ్‌లో ఏ గీత వాడామో దానికి తెలియదు. మనం విడిగా చెప్పాలి, ఇది నిండు గీత, అది డాష్డ్ అని. చెప్పిందే రాసుకుంటుంది. అబద్ధం చెప్పినా రాసుకుంటుంది. పైగా అందులో గీతకిచ్చే చోటు చిటికెన వేలంత. అంత చిన్న చోట్లో మీరూ మీ పొడుగు తమ్ముడూ ఒకేలా కనబడతారు. ఆ చోటు కొంచెం పెంచడానికి నాకు ఇంకో అరగంట పట్టింది.

తెల్లారి పదింటికి మీటింగ్. 84 ముక్కలతో, గుండ్రటి కొనలతో, చూసుకుని మురిసిపోయేలా ఉన్నారు తెర మీద. పెద్దసారు కళ్ళజోడు సవరించుకున్నారు.

“ఈ గీత ఇక్కణ్ణుంచి తెగిపోయిందేంటి? డేటా రాలేదా?”

“లేదండీ, అక్కణ్ణుంచి అంచనా. ఇంకా జరగలేదు కదా, అందుకని అలా గీశాను.”

“అంటే నీకే నమ్మకం లేదా?”

“నమ్మకం అంటే సార్, అంచనా కాబట్టి కొంచెం అటూ ఇటూ...”

“ఎటు?”

నేను మాట్లాడలేదు.

“ఇలా ముక్కలుగా ఉంటే చూసేవాళ్ళకి టెన్షన్. నిండుగా గీసెయ్.”

లాప్‌టాప్ అక్కడే ఉంది. 84 చెరిపి 1 కొట్టాను. ఆరున్నర గంటల పని రెండు సెకన్లలో పోయింది. తెర మీద గీత ఎడమ చివర నుంచి కుడి చివర దాకా అతుకు లేకుండా సాగిపోయింది. జరిగిందెక్కడ ఆగిందో, ఊహ ఎక్కడ మొదలైందో గీసిన నాకే తెలియలేదు. “ఇప్పుడు క్లారిటీ వచ్చింది” అన్నారు ఎవరో. దాని మీద చర్చ పది నిమిషాలు కూడా జరగలేదు. వచ్చే ఏడాది ఖర్చు ఎంతో ఆ గీత చివర చూసి రాసేసుకున్నారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ స్లయిడ్ మళ్ళీ తెరిచాను. గ్రాఫ్‌లో గీత నిండుగానే ఉంది. పక్కన లెజెండ్‌లో మాత్రం ‘అంచనా’ అన్నమాట ముందు మీరే ఉన్నారు, రెండున్నర ముక్కలతో. అక్కడ విడిగా మార్చాలన్న సంగతి కంగారులో మర్చిపోయాను. గ్రాఫ్ అంతా వెతికినా ఎక్కడా లేని గీతకి అందులో పేరుంది. గదిలో పద్నాలుగు మంది కూర్చున్నారు. ఒక్కరూ అడగలేదు.

దాన్ని మాత్రం మార్చకుండా ఉంచాను.

ఇట్లు,
తమ విధేయుడు