సవరణ: క్రషర్ జా ప్లేట్‌కి ఏ రాడ్డు?

రాయి క్రషర్‌లో రాళ్లని నొక్కి పగలగొట్టే మాంగనీస్ స్టీల్ పలకలకి, అంటే జా ప్లేట్లకి, మాంగనీస్ వెల్డింగ్ రాడ్డే వాడండి అని మొన్న పోస్టులో రాశాను కదా, దానికి ఒక షరతు చేర్చాలి. అది అరిగిన చోట మందం పెంచడానికి మాత్రమే. అదే ప్లేటుని మామూలు ఎమ్మెస్‌కి (మైల్డ్ స్టీల్‌కి) అతికించాలంటే ఆ రాడ్డు వద్దు, ఎమ్మెస్ కరిగి కలిసిన చోట మాంగనీస్ పలచబడి పెళుసు పొర ఏర్పడుతుంది, నాలుగు దెబ్బలు పడగానే బీడ్ (వెల్డింగ్ గీత) అంచు వెంబడే ఊడొస్తుంది. అక్కడ 309 స్టెయిన్‌లెస్ రాడ్డు గానీ, క్రోమియం కూడా ఎక్కువున్న మాంగనీస్ రాడ్డు గానీ వాడండి. మామూలు స్టీల్‌కి వాడే 7018 రాడ్డు మాత్రం రెండు చోట్లా వద్దు.

ప్రీహీట్ సంగతి కూడా చెప్పాలి. గట్టి స్టీల్ కదా అని ముందే గ్యాస్‌తో కాల్చే అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. 12-14 శాతం మాంగనీస్, సుమారు 1.2 శాతం కార్బన్ ఉండే ఈ స్టీల్, 260 డిగ్రీల సెల్సియస్ దాటి ఎక్కువసేపు ఉంటే లోపల కార్బైడ్లు (కార్బన్ కలిసిన పెళుసు రేణువులు) పేరుకుని పెంకులా విరుగుతుంది. చిన్న బీడ్లు, చోటు మారుస్తూ వేయాలి, ప్రతి బీడ్‌నీ వేడి మీదే సుత్తితో కొట్టాలి. అంతకుముందే, దెబ్బలకి గట్టిపడిన పాత పొరనీ పగుళ్లనీ పూర్తిగా గ్రైండ్ చేసేయాలి, చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

కొత్తగా వేసిన లోహం 200 బ్రినెల్ (గట్టిదనం కొలత) దగ్గరే ఉంటుంది, రాయి దెబ్బలు తింటూ 500 దాకా వెళ్తుంది. ఆకురాయి పెట్టి చూసి మెత్తగా ఉందని షాపువాడితో గొడవకి దిగకండి.