చిగురు కింద కాపురమున్న పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ వారికి

పంటి చిగుళ్ళకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా, మహారాజశ్రీ జింజివాలిస్ వారి దివ్యసముఖానికి, విశాఖపట్నం నుంచి తమ ఇంటి యజమాని చేసుకొనే విన్నపం.

బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చే పెద్దల మాటల్లో సముద్రపు గాలికి లొంగని జబ్బు లేదు. ఆ గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజనే కనుక, ఆక్సిజన్ గిట్టని వంశంలో పుట్టిన తమరు నేను నోరు తెరవగానే ఇల్లు ఖాళీ చేయాలి. చేయరు. తమ కణంలో ఆక్సీఆర్ అనే ప్రోటీన్ ఒకటి కొలువుండి, ముప్పు పసిగట్టగానే తగిన జన్యువులకు పని పురమాయిస్తుంది. ఎస్‌ఓడీ జన్యువు ఇచ్చే ఎంజైము, ఆక్సిజన్ నుంచి పుట్టే సూపర్ఆక్సైడ్ అనే విషాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఏహెచ్‌పీసీ అనే మరో ఎంజైము ఆ పెరాక్సైడ్ సంగతి చూస్తుంది. డీపీఎస్ ప్రోటీన్ ఇనుమును దాచిపెట్టి డీఎన్‌ఏకి కాపలా కాస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు కోసం ఎదురుచూసిన ఊరివాణ్ణి కనుక, ఒక్క సమీక్షా సమావేశమైనా లేకుండా సాగే తమ విపత్తు నిర్వహణను చూసి అసూయపడుతున్నాను.

తమకూ ఒక లోటుంది. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కెటలేజ్ ఎంజైము తమ వద్ద లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి తమరు ఎంచుకొన్న ముడిసరుకు నా నెత్తురు కావడమే నా అభ్యంతరం. జింజిపైన్లనే ఎంజైములతో నా హిమోగ్లోబిన్‌ను కోసి, అందులో ఇనుమున్న భాగమైన హీమ్‌ను ఒంటికి నల్లగా పూసుకొంటారు. ప్రయోగశాలలో రక్తం కలిపిన అగార్ అనే జెల్లీ మీద పెంచినా తమరు నల్లబడేది ఇందుకే. ఆ పూత పెరాక్సైడ్ దెబ్బను కాచుకోవడానికీ పనికివస్తుంది. అంటే, తమను తరమడానికి నా తెల్ల రక్తకణాలు చిమ్మే విషానికి నా ఎర్ర రక్తకణాల సరుకే అడ్డు! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, ఇక్కడ దొంగకు డాలు అందిస్తున్నది ఇల్లే. పైగా చిగురు నెత్తురోడిందని భయపడి, ఆ వైపు బ్రష్ పోనివ్వకుండా తమ విందుకు భంగం రాకుండా చూసే భక్తులు మా ఊళ్ళో తక్కువేమీ కాదు.

తమ డబ్ల్యూ83 రకం జన్యుపటాన్ని 2003లో పూర్తిగా ప్రకటించారు. అది సుమారు 23 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు. మాది 300 కోట్లు. అందులో రాత్రిపూట పళ్ళు తోమించే అక్షరం ఒక్కటీ ఉన్నట్టు లేదు.

వచ్చే వారం దంతవైద్యులు గార గీకి, పంటికీ చిగురుకూ మధ్యనున్న తమ గదిని అడుగు దాకా శుభ్రం చేస్తారట. ఆ రోజు కూడా కాస్త నెత్తురు కారక తప్పదు. దాన్ని పోతూ పోతూ ఒంటికి పూసుకోవద్దని మనవి.

ఇట్లు,
తమ రక్తదాత